జునిల్డా పంపిన సీసా

మా లోయలో ఫలానా ఆవిడ కడుపులో రాళ్ళున్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు. లేవంటే మాత్రం, సరిగ్గా చూశారా అని అడుగుతారు. తల్లికి ఉంటాయి, పిన్నికి ఉంటాయి, ఆడబిడ్డకి ఉంటాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆ రాళ్ళని ఆసుపత్రివాళ్ళిచ్చిన చిన్న గాజు బుడ్డిలో ఇంటికి తెచ్చుకుని, రేడియో పక్కన, పోయినవాళ్ళ ఫోటోల దగ్గర పెట్టుకుంటారు. వచ్చిపోయేవాళ్ళకి చూపిస్తారు. చేయించుకోనివాళ్ళు కుడి డొక్క కింద అరచెయ్యి అదుముకుని పనులు చేసుకుంటూ ఉంటారు. జునిల్డా కురికేవ్ ఈ రెండో రకం మనిషి.

బస్టాండు ఎదురుగా సోపైపియాలు వేయించి అమ్మేది. ఉడికిన గుమ్మడి ముద్ద కలిపి పిండి పిసికి, పంది కొవ్వులో వేయించే చిన్న పూరీలవి. పాతికేళ్ళుగా అదే మూకుడు, అదే చోటు. పొద్దున బస్సు దిగినవాళ్ళు వాసన పట్టుకుని వచ్చేస్తారు. ఆమె మాత్రం ఒక్కటి నోట్లో వేసుకుని ఏడేళ్ళయింది. తింటే గంట తిరక్కుండా నొప్పి వీపు మధ్యలో మొదలై, పక్కటెముకల కిందుగా ముందుకి పాకి, ఊపిరి తియ్యనిచ్చేది కాదు. అప్పుడు మూకుడు పక్కావిడకి అప్పజెప్పి, బస్టాండు వెనక్కి వెళ్ళి, చల్లటి గోడకి నుదురు ఆనించి నిలబడేది. నొప్పి తగ్గాక మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పిండి ఒత్తుకునేది. ఎవరైనా అడిగితే, "రాయి లేచింది, మళ్ళీ పడుకుంది," అని నవ్వేసేది.

మా వైపు ఆగస్టంటే నడి చలికాలం. ఆ ఏడు ఆగస్టు వానల్లో లేచిన రాయి మూడు రోజులైనా పడుకోలేదు. జ్వరం కూడా తగిలింది. కూతురు మారిసోల్ మాటా పలుకూ లేకుండా తల్లిని తండ్రి ట్రక్కు ఎక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇరవై రెండేళ్ళది, ఊరి ఆరోగ్యకేంద్రంలో చీటీలు రాసే ఉద్యోగం. ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో దానికి కంఠతా వచ్చు.

రాజధాని నుంచి వచ్చిన కుర్ర డాక్టరు స్కానింగు చూస్తూ చెప్పాడు. "ఒక రాయి మూడు సెంటీమీటర్లుంది. మిగిలినవి లెక్కపెట్టక్కర్లేదు. పిత్తం సంచి గోడ మందమెక్కింది. తీయించేయాలమ్మా. యాభై నిండకముందైతే సర్కారు పథకం కింద మీలాంటివాళ్ళని ముందు వరసలో పెడతారు. నిండితే మామూలు వరసలోకి పోతారు, అది రెండేళ్ళో మూడేళ్ళో చెప్పలేను."

జునిల్డాకి జనవరిలో యాభై.

"తీయించుకోకపోతే ఏమవుద్ది బాబూ?"

"మీ అమ్మగారు దేనితో పోయారు?"

 

ఆమె తల్లి ఒళ్ళంతా పచ్చబడ్డాక ఆసుపత్రికి వెళ్ళింది. అప్పట్లో కడుపు నిలువునా కోసేవారు. కోశారు, లోపల చూశారు, మళ్ళీ కుట్టేశారు. పదిహేను రోజుల్లో పోయింది. లోపల రాచపుండు ఎంతలా పాకిందో డాక్టర్లు చెప్పారుగానీ, ఆ మాట ఎవరి చెవికెక్కింది? ఊళ్ళో నిలబడిన మాట వేరే ఉంది: కడుపు తెరిచారు, గాలి సోకింది, అందుకే పోయింది. ఇరవై ఆరేళ్ళ జునిల్డా తల్లి మంచం పక్కన కూర్చుని ఆ కుట్లు చూసింది. మందపాటి నల్ల దారం, గోతం మూతి కుట్టినట్టు. అప్పటినుంచి ఆసుపత్రి అన్న మాట వింటే ఆమెకి ఆ దారమే కనపడేది. ఆమె భయం పిచ్చి భయమని నేననను. కానీ ఆ భయం ఆమె చేత చేయించిన పని మాత్రం పిచ్చిదే.

ఆ ఆదివారం పొయ్యి చుట్టూ అందరూ కూర్చున్నారు. మాతే ఆకుల కషాయం గిన్నె చేతులు మారుతోంది.

"అక్టోబరు తొమ్మిదికి ఇచ్చారు," అంది మారిసోల్. "ఇదిగో కాగితం. నువ్వు సంతకం పెడితే చాలు. ఇప్పుడు కొయ్యడాలు లేవమ్మా. మూడు చిల్లులు పెట్టి లాగేస్తారు. మర్నాడు ఇంటికొచ్చేస్తావు."

"మీ అమ్మమ్మకీ ఇంటికొచ్చేస్తావనే చెప్పారు."

"అమ్మమ్మ పచ్చబడ్డాక వెళ్ళింది. నువ్వింకా పచ్చబడలేదు. తేడా లేదూ?"

"ఏమే, నోరు తగ్గించు," అన్నాడు బెలిసారియో. అతనికి పెళ్ళామన్నా ప్రేమే, కూతురన్నా ప్రేమే, ఈ ఇద్దరి మధ్యా ఎటు మాట్లాడినా దెబ్బే. అందుకని పొయ్యిలో కట్టె సర్దుతూ కూర్చున్నాడు.

అతని మేనత్త ఓర్ఫెలీనా డెబ్భై దాటిన మనిషి. గిన్నెలో చివరి గుక్క శబ్దం వచ్చేలా పీల్చి, "ఇందులో కొట్టుకోవడానికేముంది," అంది. "మాచికి చూపిద్దాం. ఆవిడ తాతల కాలంనుంచి మన నీళ్ళు చూస్తోంది. తన చేతిలో ఉంటే ఉందంటుంది, లేకపోతే లేదంటుంది."

"మాచి కూడా ఆసుపత్రికే పొమ్మంటే?" అని మారిసోల్ తల్లినే చూస్తూ అడిగింది.

"అప్పుడు పోతాను," అంది జునిల్డా.

"అందరూ విన్నారుగా."

వినడమేమిటి, ఓర్ఫెలీనా చేతులు జోడించి మరీ సాక్ష్యం పలికింది.

మాచి అంటే మావాళ్ళ నాటువైద్యురాలు. ఆవిడకి చూపించడమంటే రోగి వెళ్ళక్కర్లేదు. పొద్దున లేవగానే పోసిన నీళ్ళు శుభ్రమైన సీసాలో పట్టాలి. ఒంటిమీద రాత్రంతా ఉన్న బట్ట ఒకటి విప్పి ఇవ్వాలి. ఇంట్లో ఇంకొకరు ఆ రెండూ తీసుకుని ఎండ ఎక్కకముందే వెళ్ళాలి. మాచి సీసాని వెలుగుకి పట్టి, ఊపి, నురగ చూసి, తేటతనం చూసి, అప్పుడు చెప్తుంది. మనిషి అబద్ధమాడొచ్చుగానీ నీళ్ళు ఆడవని మావాళ్ళ నమ్మకం.

జునిల్డా భయం ఇక్కడే మొదలైంది. ఈ మధ్య మాచి చాలామందిని పట్నం పొమ్మంటోంది. మొన్ననే, బస్టాండులో పక్కన కొత్తిమీర అమ్మే హెర్మిందాకి సీసా చూడగానే, "ఇది నా ఆకులకి లొంగేది కాదు, ఇవాళే పో," అందిట. హెర్మిందా పోయింది. రేడియో పక్కకి ఒక బుడ్డి వచ్చింది. జునిల్డా చూసి మెచ్చుకుంది కూడా. మెచ్చుకుని ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ ఆదివారం మర్నాడు ఇంకా తెల్లవారకుండానే లేచింది. బయట వాన. పాయిఖానా పెరటి చివరన ఉంటుంది కాబట్టి చలికాలంలో మా ఇళ్ళలో ప్రతి మంచం కిందా ఒక సత్తు గిన్నె ఉంటుంది. తన గిన్నెలో చూసుకుంది. నీళ్ళు పాచిపోయిన డికాషను రంగులో ఉన్నాయి. ఆ రంగు తనకే అర్థమైందంటే మాచికి అర్థంకాకుండా ఎలా ఉంటుంది? కాసేపు సీసా పట్టుకుని అలాగే చతికిలబడి కూర్చుంది. తర్వాత లేచి, చెప్పులు లేకుండా మారిసోల్ గదిలోకి వెళ్ళింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద గిన్నె చప్పుడు కాకుండా ఇవతలికి లాగి, సీసా నింపుకుని, బిరడా పెట్టి, గిన్నె మళ్ళీ అక్కడే పెట్టేసింది. బట్ట మాత్రం తన శాలువే ఇచ్చింది. ఆ శాలువ నేసింది ఓర్ఫెలీనా, అది మార్చడానికి వీల్లేదు.

ఆ రెండూ తీసుకెళ్ళిన ఓర్ఫెలీనా మధ్యాహ్నానికి తిరిగొచ్చింది, ఆకుల మూట చంకన పెట్టుకుని, తడిసి ముద్దయి.

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయంది," అంటూనే గడపలోకి వచ్చింది. "చిన్నపిల్ల నీళ్ళలా ఉన్నాయంది. కాలేయం చల్లగా ఉందిట. ఈ ఆకులు మూడు పూటలా కాచి తాగమంది."

బెలిసారియో టోపీ తీసి బల్లమీద పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. 

"ఇంకోటి కూడా అంది," అని ఓర్ఫెలీనా తడి జుట్టు పిండుకుంటూ చెప్పింది. "శాలువ వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదమ్మా. నీళ్ళొకటి చెప్తున్నాయి, గుడ్డ ఒకటి చెప్తోంది, మనిషిని ఒకసారి రమ్మను, అంది."

"వెళ్దాం అత్తా," అంది జునిల్డా. "బంగాళాదుంపలు తవ్వడం అయిపోనీ."

తవ్వడానికి ఇంకా ఆరు నెలలుంది. నాటడమే అవలేదు.

అక్టోబరు తొమ్మిదిన ఆమె మామూలుగానే మూకుడు పొయ్యిమీద పెట్టింది. పది గంటలకి ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. రావడం లేదని చెప్పి, చేతులకి పిండి ఉందని పెట్టేసింది. మారిసోల్ తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. పదో రోజున తనే వచ్చి పక్కన కూర్చుని పిండి ఒత్తింది. సంతకంలేని కాగితం సొరుగులోకి పోయింది.

ఆకుల కషాయం తాగాక నొప్పి నిజంగానే తగ్గింది. వింతల్లోకెల్లా వింత ఏమిటంటే జునిల్డా ఆ మాట నమ్మింది. తను మోసం చేసి తెచ్చుకున్న మాటని తనే నమ్మింది. మొదట్లో ఎవరైనా అడిగితే గొంతు తడబడేది. తర్వాత తడబడడం మానేసింది. "మాచి చూసిందిగా, శుభ్రంగా ఉన్నాయంది," అని చెప్పీ చెప్పీ, ఆ నీళ్ళు ఎవరివో మనసులో అడుగుకి పోయింది. జనవరిలో యాభై నిండాయి, గొర్రెపిల్లని కోసి చుట్టాలకి పెట్టారు. మార్చిలో దుంపలు తవ్వారు. మాచి దగ్గరికి వెళ్ళడానికి ట్రక్కు టైరు బాగాలేదు. టైరు వేశాక వానలొచ్చాయి. ఆ చలికాలంలో లంగా బొందు రెండు చుట్లు తిప్పి కట్టుకోవాల్సి వచ్చింది. పనెక్కువై చిక్కానంది.

సెప్టెంబరులో ఒకరోజు హెర్మిందా కొత్తిమీర కట్టలు వదిలేసి ఇటు వచ్చింది. ఆపరేషనయ్యాక ఆవిడ పొద్దున్నే మూడు సోపైపియాలు కారప్పొడి అద్దుకుని తినందే బేరం మొదలుపెట్టదు. ఒకటి నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"నీ కళ్ళేంటే అలా ఉన్నాయి?"

"పొగ."

"పొగకి ఎర్రబడతాయే, పచ్చబడవు."

ఈసారి స్కానింగు చూసింది పెద్దవయసు డాక్టరమ్మ. మంచి మనిషి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది. రాచపుండు పిత్తం సంచి దాటి కాలేయంలోకి పాకింది. ఇప్పుడు తీయడానికి లేదు. పసరు కిందికి దిగడానికి ఒక గొట్టం వేస్తారు, కామెర్ల దురద తగ్గుతుంది. ఎన్నాళ్ళని బెలిసారియో అడిగితే, వేసవి చూస్తారు అంది. చలికాలం సంగతి చెప్పలేదు. "నిరుడు తేదీ ఇచ్చినట్టుందే, ఎందుకు రాలేదు?" అని మాత్రం కాగితాలు తిరగేస్తూ అడిగింది.

"మాచి అక్కర్లేదంది," అన్నాడు బెలిసారియో.

జునిల్డా కిటికీలోంచి బయటికి చూసింది.

కోపానికి ఒక మనిషి కావాలి. బెలిసారియోకి మాచి దొరికింది. ముప్పై ఏళ్ళలో పెళ్ళాం మీద గొంతెత్తనివాడు వారం రోజులు ఇంట్లో అరుస్తూ తిరిగాడు. ముసల్ది నా పెళ్ళాన్ని చంపేసిందన్నాడు. సంతలో అన్నాడు, బంతాట దగ్గర అన్నాడు, పొరుగు లోయనుంచి మాచికి సీసా తీసుకెళ్తున్న ఇద్దర్ని దారిలో ఆపి వెనక్కి పంపాడు. చివరికి ఒక శనివారం పొద్దున ట్రక్కు తాళం తీసుకుని, మొహం మీదే అడుగుతానని బయల్దేరాడు.

"నేనూ వస్తాను," అంది జునిల్డా.

"నువ్వు కూర్చోలేవు."

"మారిసోల్ పట్టుకుంటుంది."

వెళ్ళేముందు లోపలికి వెళ్ళి ఏదో తీసుకుని శాలువ కింద పెట్టుకుంది.

మాచి ఇంటిముందు ఆవిడ పూజకి నిలబెట్టిన, మెట్లు చెక్కిన మాను, దాని పక్కన పచ్చటి కొమ్మలు. ఆవిడ వాకిట్లో కోళ్ళకి గోధుమలు చల్లుతోంది. చిన్న మనిషి, నుదుటికి కట్టే వెండి పట్టీ లేకుండా చూస్తే ఎవరో మామూలు ముసలమ్మ అనుకోవాలి. అక్కడికి వెళ్ళినవాడు ముందు తన వంశం, ఊరు చెప్పుకోవాలి, అందరి క్షేమం అడగాలి, చెప్పాలి, కూర్చోమంటే కూర్చోవాలి. బెలిసారియో ట్రక్కు తలుపు కూడా వెయ్యలేదు.

"నా పెళ్ళాం చచ్చిపోతోంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నావు."

"అన్నాను," అంది మాచి.

"శుభ్రంగా ఉంటే ఈ మొహమేంటి?"

మాచి జునిల్డా వైపు చూసింది. చాలాసేపు చూసింది. "ఆ సీసాలో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయయ్యా. గుడ్డ ఇంకోలా చెప్పింది. మనిషిని రమ్మన్నాను. అంతకుమించి నేను చెప్పేది కాదు."

"తప్పించుకుంటున్నావు. నీకు చూపు పోయింది, ఒప్పుకోవు. ఊరూరా చెప్తాను. ఇకమీదట నీ వాకిట్లోకి ఒక్కడు సీసా తేడు."

ఆవిడ మాట్లాడలేదు. ఒక్క మాటంటే బయటపడేది. ఇంకొకరి నీళ్ళు పంపడమంటే మావాళ్ళలో తలెత్తుకోలేని పని, అది ఆ ఇంటిమీద తరాలపాటు ఉండిపోతుంది. అందుకే ఆ తిట్లన్నీ నిలబడి పడింది. గుప్పిట్లో గోధుమలు అలాగే ఉన్నాయి.

"ఆపయ్యా," అంది జునిల్డా. "ఆ నీళ్ళు నావి కావు."

ఎవరికీ అర్థంకాలేదు. అందుకని మళ్ళీ చెప్పింది, ఈసారి కూతురివైపు గడ్డం చూపిస్తూ. "దీనివి. పొద్దున్నే దీని గిన్నెలోంచి పోశాను."

బెలిసారియో టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎందుకే?"

"ఆసుపత్రికి పొమ్మంటుందని."

అతను అక్కడున్న దుంగమీద కూలబడ్డాడు. మాచితో ఏదో అనబోయి, "అమ్మా, నేను..." అని ఆగిపోయాడు. మాచి గుప్పిట్లో గోధుమలు కోళ్ళకి విదిల్చి, లోపలికి వెళ్ళి, గోధుమ గంజి నాలుగు ముంతల్లో తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. చాలా దూరం వెళ్ళాలి, తాగండి అంది.

జునిల్డా తాగలేకపోయింది. శాలువ కిందనుంచి సీసా తీసి ముందుకి చాపింది. "ఇవి నావేనమ్మా. ఇవాళ్టివి."

మాచి దాన్ని రెండు చేతులా అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. వెలుగుకి ఎత్తలేదు. "చూడక్కర్లేదు తల్లీ."

"ఆ రోజు నావే పంపి ఉంటే?"

"హెర్మిందాని పంపినట్టే పంపేదాన్ని. ఆ పూటే."

తిరుగుదారిలో మారిసోల్ మధ్యలో కూర్చుంది. తల్లి తల దాని భుజంమీద ఉంది.  వంతెన దగ్గర గొర్రెలు అడ్డొస్తే బెలిసారియో బండి ఆపాడు.

"ఆ తొమ్మిది రోజులు నీతో మాట్లాడలేదు కదా," అంది మారిసోల్ అద్దంలోంచి గొర్రెల్ని చూస్తూ. "పదో రోజు ఎందుకొచ్చానో తెలుసా? నేనే తప్పేమో అనుకున్నాను. స్కానింగు చూసినదాన్ని, కాగితాలు చదివినదాన్ని. అయినా నీళ్ళు అబద్ధమాడవు కదా అనుకున్నాను. లేకపోతే నిన్ను కాళ్ళూ చేతులూ కట్టైనా తీసుకెళ్ళేదాన్ని."

జునిల్డాకి కన్నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. తను చస్తున్నందుకు కాదు, ఈ పిల్ల ఆ పదో రోజుని బతికున్నంతకాలం మొయ్యాలి కదా అని ఆమె బాధ.

"నీ తప్పు కాదమ్మా."

"తెలుసు." ఇంకా అద్దంలోంచే చూస్తూ అంది. "నాకూ రెణ్ణెల్లనుంచి తిన్నాక ఇక్కడ బరువుగా ఉంటోంది."

దాని అరచెయ్యి కుడి డొక్క కింద ఉంది. ఎప్పటినుంచి అలా పెట్టుకుని కూర్చుందో జునిల్డా చూడలేదు. నిటారుగా కూర్చుందామని ప్రయత్నించి, కుదరక, కూతురి చెయ్యి మీద తన పచ్చటి చెయ్యి వేసింది.

"సోమవారం వెళ్ళు."

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. సోమవారం. నువ్వే వెళ్ళు, ఎవరి చేతికీ ఏమీ ఇచ్చి పంపకు. తియ్యాలంటే తియ్యమను."

"నాకు భయమేస్తోందమ్మా. నిన్నిలా చూశాక ఇంకా భయమేస్తోంది."

"వేస్తుంది. అది పోతుందని చూడకు, పోదు. భయంతోనే వెళ్ళి పడుకో."

గొర్రెలు దాటిపోయాయి. బెలిసారియో మొహం తుడుచుకుని గేరు వేశాడు. సోమవారం పొద్దున ఏడుకే బండి తీస్తానన్నాడు, ఎవరూ అడక్కుండానే.